పచ్చిగా తినే ఉల్లికాడ పెరట్లోనే పెంచండి

వండి తినేదానికంటే పచ్చిగా తినేదాని విషయంలో ఎక్కువ జాగ్రత్త అవసరం. ఉల్లికాడలనే తీసుకోండి. పెరుగుపచ్చడిలోనో, పెసరట్టు మీదనో సన్నగా తరిగి చల్లుకుంటాం. పొయ్యి సెగ వాటికి తగలదు. మురుగు కలిసిన నీటితో పెరిగిన కాడ అయితే, పొరల మధ్య చేరిన మలినం పైపైన కడిగితే పోదు. 2003లో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఒక హోటల్లో తిన్నవారిలో 500 మందికి పైగా కామెర్లు తెచ్చే హెపటైటిస్-ఎ సోకింది. ముగ్గురు చనిపోయారు. మెక్సికో నుంచి వచ్చిన పచ్చి ఉల్లికాడలే కారణమని విచారణలో తేలింది.

మంచినీళ్ళు పోసి ఇంట్లో పెంచుకోవడం కష్టమేమీ కాదు. గడ్డ ఊరకుండా గుబురుగా పిలకలు వేసే రకం ఇందుకు అనువైనది. పుట్టిల్లు చైనా, జపానువారు 'నేగి' అంటారు. విత్తనాల పొట్లం మీద తేదీ చూసి కొనండి. ఏడాది దాటిన ఉల్లి విత్తనం సరిగా మొలవదు. కొందరు పచారీ కొట్లో కలోంజీని ఉల్లి విత్తనమనుకుని తెచ్చి చల్లుతారు. ఎన్నాళ్ళు నీళ్ళు పోసినా అందులోంచి ఉల్లి రాదు! మందు పట్టించిన విత్తనం పిల్లలకు అందనివ్వకండి.

దసరా వెళ్ళి ఎండ తగ్గాక వేయండి. అడుగున చిల్లులున్న జానెడు లోతు కుండీ చాలు. మట్టి, ఇసుక, బాగా చివికిన పశువుల ఎరువు కలపండి. పచ్చి పేడ వద్దు. విత్తనం అర అంగుళం లోపే పడాలి. వారం పది రోజులకు దారం మడిచినట్లు వంగిన మొలక కనిపిస్తుంది. గడ్డి అనుకుని పీకేయకండి. నీళ్ళు చేత్తో చిలకరించండి. నిలవ ఉంటే మొదలు కుళ్ళుతుంది. ఆరేడు వారాల నారును మూడంగుళాల ఎడంతో నాటండి. విత్తిన రెండు, రెండున్నర నెలలకు కాడ కోతకు వస్తుంది. మొదట్లో రెండంగుళాలు వదిలి కోస్తే మళ్ళీ చిగురిస్తుంది.

పచ్చని భాగం పారేయకండి. ఎ విటమినుగా మారే కెరోటిను, కె విటమిను ఉన్నది అందులోనే. 100 గ్రాముల ఉల్లికాడల్లో సుమారు 200 మైక్రోగ్రాముల కె విటమిను ఉంటుంది. ఇది ఒక రోజు అవసరానికి మించినది. అందుకే గుండె కవాటం మార్పించుకున్నవారు, రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వంటి మాత్రలు వాడుతున్నవారు, పెరట్లో ఉన్నాయి కదా అని ఒక్కసారిగా ఎక్కువ తినకూడదు. ఆ విటమిను మందు పనిని తగ్గిస్తుంది. పూర్తిగా మానెయ్యనక్కర్లేదు. రోజూ ఇంచుమించు ఒకే కొలత తినండి, ఆ సంగతి డాక్టరుగారికి చెప్పండి, రక్తపరీక్ష తప్పించకండి.

పెరటి కాడనైనా వేళ్ళు కోసి, పొరలు విడదీసి, ధారగా పడే నీటి కింద కడిగాకే తరగండి.