గుర్రపు తల ఫిడేలు మోగింది.. ప్రపంచం చెవి ఒగ్గింది
మంగోలియా పచ్చిక మైదానాల పాటతో దేశదేశాల మనసు దోచిన ‘ది హు’

పాటను చెవితో వినడం పాత అలవాటు. ముందు కంటితో చూసి, ఆ తరువాత చెవికెక్కించుకోవడం ఈ కాలపు అలవాటు. పాడేది ఏ దేశం వాళ్ళో తెలియదు. ఏ భాషో తెలియదు. ఒక్క ముక్క అర్థం కాదు. అయినా చేతిలోని ఫోనులో ఒక వీడియో కనబడుతుంది. పాట పూర్తయ్యేలోగా ఆ పాడినవాళ్ళు అభిమాన గాయకులైపోతారు. 2018లో అలా లక్షలాది మందికి కొత్త అభిమానం పుట్టించిన రాక్ బృందం ‘ది హు’. వారి ఊరు మంగోలియా రాజధాని ఉలాన్‌బాతర్.

ఉత్తరాన రష్యా, దక్షిణాన చైనా. ఆ రెండింటి మధ్య ఉన్నది మంగోలియా. వైశాల్యంలో ఆంధ్రప్రదేశ్‌కు తొమ్మిది రెట్ల పైమాటే. జనాభా మాత్రం సుమారు 35 లక్షలు. మనుషుల కంటే పశువులే అనేక రెట్లు ఎక్కువ. గొర్రెలు, మేకలు, ఆవులు, ఒంటెలు, గుర్రాలు.. ఈ అయిదూ వారి సిరిసంపదలు. మేత కోసం మందలతో పాటు గుడారాలనూ మార్చుకుంటూ తిరిగే కుటుంబాలు నేటికీ అక్కడ ఎన్నో. అటువంటి దేశం నుంచి వచ్చిన పాట అమెరికా, ఐరోపా కుర్రకారును ఊపివేసిందంటే వింతే మరి.

తలుపు తీస్తే పచ్చిక మైదానం

ఈ బృందం 2016లో ఏర్పడింది. నిర్మాత దష్కా ఆలోచనకు నలుగురు యువకులు జతకలిశారు. గాలా, జయా, ఎంకూష్, తెంకా అన్నవి వారి పిలుపు పేర్లు. నలుగురూ సంగీతం చదువుకున్నవారే. తాతల నాటి వాద్యాలను క్షుణ్ణంగా నేర్చిన తరువాతే రాక్ జోలికి వచ్చారు.

2018 సెప్టెంబరులో ‘యువే యువే యు’ అనే పాటను వీడియోగా యూట్యూబులో పెట్టారు. అందులో మొదట వారు మామూలు పట్టణవాసుల్లా గదుల్లో కూర్చుని వీడియో ఆటలతో పొద్దుపుచ్చుతుంటారు. తలుపు తీసి బయట అడుగు పెట్టేసరికి కొండలు, మైదానాలు, అంతులేని ఆకాశం! తోలు దుస్తులు, పొడవాటి జుట్టు, చేతుల్లో చెక్కిన వాద్యాలు. ఆ దృశ్యంతో పాటు గొంతులోతు నుంచి ఉరుములా లేచిన పాట చూసేవారిని కూర్చున్నచోట కదలనివ్వలేదు.

ఆ పాట సారాంశం తెలుసుకుంటే మరింత ముచ్చట కలుగుతుంది. అది శత్రువుల మీద కత్తి దూసే పాట కాదు. తమవారినే నిలదీసే పాట. ‘మా తాతలు అంతటివారు, ఇంతటివారు’ అని గొప్పలు చెప్పుకుంటూ, వారి మాట నిలుపుకోని వారిని చురుక్కుమనేలా మందలించే పాట. మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండన్న సామెత మన ఊళ్ళలో ఉన్నదే. ఆ రోగం మంగోలియాలోనూ ఉన్నదన్నమాట.

అదే ఏడాది నవంబరులో ‘వుల్ఫ్ టోటెమ్’ అనే రెండో వీడియో వచ్చింది. ఇందులో గుర్రాల మీద కొందరు, మోటారు సైకిళ్ళ మీద కొందరు మైదానంలో సాగివస్తారు. పాతా కొత్తా ఒకే దారిన నడవవచ్చునని ఒక్క మాట చెప్పకుండానే చూపించారు.

తోక వెంట్రుకలే తీగలు

ఈ బృందానికి ప్రాణం ‘మోరిన్ ఖూర్’ అనే వాద్యం. కొన మీద గుర్రం తల చెక్కి ఉంటుంది. అందుకే దీనిని గుర్రపు తల ఫిడేలు అంటారు. తీగలు రెండే. ఒకటి మగ గుర్రం తోక వెంట్రుకలతో, రెండోది ఆడ గుర్రం తోక వెంట్రుకలతో పేనడం పూర్వాచారం. ఒక్కో తీగకు నూరుకు పైగా వెంట్రుకలు పడతాయి. వాయించే కమానుకూ గుర్రపు వెంట్రుకలే. ప్రాణంతో సమానమైన గుర్రం చనిపోతే, దాని ఎముకలతో, తోలుతో, తోకతో ఒక పశువుల కాపరి ఈ వాద్యాన్ని చేసుకుని దుఃఖం తీర్చుకున్నాడని అక్కడి జానపద కథ. 2003లో యునెస్కో ఈ సంగీతాన్ని మానవాళి వారసత్వాలలో ఒకటిగా ప్రకటించింది.

దీనికి తోడు ‘తోవ్‌షూర్’ అనే రెండు తీగల వాద్యం ఉంది. నోట పట్టి వేలితో మీటే ‘తుమూర్ ఖూర్’ కూడా ఉంది. ఇది మనకు కొత్తది కాదు. కర్ణాటక కచేరీల్లో మృదంగం పక్కన మోగే మోర్సింగ్‌కు ఇది స్వయానా చుట్టం. ‘ది హు’ వారు ఈ పాత వాద్యాలకు కరెంటు జోడించి, పెద్ద డ్రమ్ములు, గిటార్లు తోడు చేశారు.

ఒక గొంతు, రెండు స్వరాలు

మరో వింత ‘ఖూమీ’ అనే గాన పద్ధతి. ఒకే మనిషి ఒకే గొంతుతో ఒకేసారి రెండు స్వరాలు పలికిస్తాడు. అడుగున తంబురా శ్రుతిలా ఒక మంద్ర స్వరం నిలకడగా సాగుతుంది. నాలుకను, పెదవులను, నోటి లోపలి ఖాళీని మార్చుతూ ఆ శ్రుతిలోనే దాగిన సన్నని స్వరాన్ని ఈలలా పైకి తెస్తారు. గాలి హోరు, ఏటి గలగలలు, పశుపక్ష్యాదుల కూతలు అనుకరిస్తూ కాపరులు దీనిని నేర్చుకున్నారని చెబుతారు. ‘ది హు’ పాటల్లో ఎక్కువగా వినిపించేది ఇందులోని బొంగురు పద్ధతి. మొదటిసారి విన్నవారు ఇది యంత్రం చేసిన మాయ అనుకున్నా తప్పులేదు. కానీ అది సాధనతో వచ్చిన గొంతే.

పేరెత్తితే ముప్పు

ఈ పాటల వెనుక ఒక చేదు చరిత్ర ఉంది. 1990 వరకు మంగోలియా సోవియట్ నీడలో ఉండేది. చెంఘిజ్ ఖాన్‌ను పొగడడం అప్పుడు నేరంతో సమానం. 1962లో అతని 800వ జయంతికి తపాలా బిళ్ళలు వేసి, స్మారక స్తంభం నిలిపినందుకు తొమొర్ ఒచిర్ అనే పార్టీ నాయకుడు పదవి పోగొట్టుకున్నాడు. పూర్వపు నిలువు లిపి స్థానంలో 1940 దశకంలోనే రష్యా వారి అక్షరాలు వచ్చాయి.

1989-90 చలికాలంలో జనం ప్రజాస్వామ్యం కోసం వీధుల్లోకి వచ్చినప్పుడు ‘హోన్ఖ్’ అనే రాక్ బృందం పాడిన గంట పాట ఆ ఉద్యమానికి గీతమైంది. నెత్తురు చిందకుండానే ప్రభుత్వం మారింది. రాక్ సంగీతం అక్కడ వట్టి కాలక్షేపం కాదనడానికి ఇదే తార్కాణం. 2002లో ఏర్పడిన ‘ఆల్తన్ ఉరగ్’ బృందం జానపద వాద్యాలతో రాక్ వాయించి దారి వేసింది. ఆ దారిన వచ్చి దేశం ఎల్లలు దాటినవారు ‘ది హు’. చెంఘిజ్ ఖాన్ ఎన్నో దేశాలకు ఊచకోతకు మారుపేరైతే, మంగోలులకు జాతిని ఏకం చేసిన పెద్దదిక్కు. వీరి పాటలు ఆ రెండో కోణం నుంచి పుట్టినవే.

రచ్చ గెలిచి ఇంట గౌరవం

పాటకు దృశ్యం తోడైతే ఎంత బలం వస్తుందో 1981లోనే తేలింది. ఆ ఏడాది ఆగస్టు 1న అమెరికాలో ‘ఎం.టి.వి.’ మొదలైంది. కానీ ఏ పాట వేయాలో ఆ టీవీ వారే నిర్ణయించేవారు. ఉలాన్‌బాతర్ కుర్రవాళ్ళకు అందులో చోటు దొరకడం కల్ల. 2005లో యూట్యూబు వచ్చాక ఎవరి పాట వారే పెట్టుకునే వీలు కలిగింది. చూసినవారు తోటివారికి చూపించారు. ఆ నోటా ఈ నోటా పాకి ఈ రెండు వీడియోలను కలిపి 10 కోట్ల సార్లకు పైగా చూశారు.

2019లో ‘వుల్ఫ్ టోటెమ్’ అమెరికాలోని బిల్‌బోర్డ్ పత్రిక హార్డ్ రాక్ డిజిటల్ అమ్మకాల జాబితాలో మొదటి స్థానానికి చేరింది. మంగోలియా వారికి అటువంటి ఘనత అదే మొదలు. ఆ సెప్టెంబరులో తొమ్మిది పాటలతో తొలి ఆల్బమ్ ‘ది గెరెగ్’ విడుదలైంది. గెరెగ్ అంటే మంగోల్ సామ్రాజ్యంలో దూతలకు ఇచ్చే అనుమతి బిళ్ళ. అది చూపితే దారి పొడవునా గుర్రం, తిండి, బస దొరికేవి. పేరుకు తగ్గట్టే ఆ ఆల్బమ్ వారిని దేశదేశాలూ తిప్పింది. 2019లోనే దేశాధ్యక్షుడు చెంఘిజ్ ఖాన్ పురస్కారం ప్రకటించారు. 2022లో యునెస్కో ‘శాంతి కళాకారులు’గా గౌరవించింది.

మందలు తగ్గినా..

ఇంత జరిగినా అక్కడి పల్లెల బాధ తీరలేదు. మంచు గట్టిపడి గడ్డి అందక పశువులు మూకుమ్మడిగా చనిపోయే విపత్తును వారు ‘జుద్’ అంటారు. 2023-24 చలికాలంలో వచ్చిన జుద్‌లో 70 లక్షలకు పైగా పశువులు చనిపోయాయి. మంద పోయిన కాపరి పట్నం దారి పడతాడు. నేడు దేశ జనాభాలో దాదాపు సగం ఉలాన్‌బాతర్‌లోనే ఉంది. గుర్రమెక్కని పిల్లలు, గుర్రపు తల ఫిడేలు పట్టని పిల్లలు ఆ పట్నపు ఇళ్ళలో పెరుగుతున్నారు.

పాట వల్ల పోయిన మంద తిరిగిరాదు. అయితే తాతల వాద్యం మోటుది, పనికిరానిది అనుకున్న పిల్లవాడికి, దాని కోసం పరాయి దేశాల్లో టిక్కెట్టు కొని జనం వస్తున్నారని తెలిస్తే దానివైపు మరోసారి చూస్తాడు. ఆ వాద్యం చేసే వడ్రంగికి, నేర్పే గురువుకు అంతకంటే కావలసిందేముంది?