పది సెకన్ల మందు... పదేళ్ల మందు!

రక్తం ఒంటిని ఒక్క చుట్టు చుట్టి వచ్చేలోపే మాయమయ్యే మందు ఒకటి. ఎముకల్లో ఏళ్ల తరబడి కాపురం పెట్టే మందు మరొకటి. ఒకదానికి నాలుక కింద చోటు చాలు, ఇంకొకదానికి రెండు ట్యాంకర్ల నీళ్లయినా చాలవు. గొంతు దిగిన మాత్ర వెంట వెళ్లి చూడండి, అడుగడుగునా రికార్డులే!

మందు లోపలికి వెళ్లే సింహద్వారం చిన్నపేగు. పొడవు సుమారు 6 మీటర్లు, అంటే రెండంతస్తుల మేడంత. లోపలి మడతలూ ఆంత్రచూషకాలూ విప్పి పరిస్తే టెన్నిస్ కోర్టంత అవుతుందని పాఠ్యపుస్తకాలు చాలాకాలం చెప్పాయి. 2014లో స్వీడన్ పరిశోధకులు మళ్లీ కొలిచారు. జీర్ణనాళం మొత్తం కలిపినా 32 చదరపు మీటర్లే, అంటే దాదాపు సగం బ్యాడ్మింటన్ కోర్టు! తగ్గిందని చిన్నబుచ్చుకోనక్కర్లేదు. మన ఒంటిమీది చర్మానికి అది ఇప్పటికీ 16 రెట్లు.

ఘాటులో కిరీటం జీర్ణాశయానిది. అక్కడి ఆమ్లం చిన్నపేగులో కంటే పది వేల రెట్లు తీవ్రం. గ్యాస్‌కు వేసుకునే పాంటోప్రజోల్ ఆ ఆమ్లానికి ఆగలేదు. అందుకే మాత్రకు ఆమ్లంలో కరగని పూత పూస్తారు. పేగులోకి దిగాకే ఆ కవచం విడుతుంది. మింగలేకపోతున్నారని పెద్దవాళ్లకు ఈ మాత్రను నలిపి ఇస్తే కవచం ఊడదీసి యుద్ధానికి పంపినట్టే.

అతి సూక్ష్మమైన మోతాదుల్లో ముందు వరుస క్యాల్సిట్రయాల్‌ది. కిడ్నీ జబ్బు ఉన్నవారికి ఇచ్చే విటమిన్ డి రూపం ఇది. ఒక గుళికలో అసలు మందు 0.25 మైక్రోగ్రామే. ఒక్క గ్రాముతో 40 లక్షల గుళికలు! ఒక బియ్యపు గింజంత బరువుతో 80 వేలు! చక్కెర జబ్బుకు మెట్‌ఫార్మిన్‌ను రోజుకు 2 గ్రాముల దాకా వేసుకునేవారున్నారు. ఆ మోతాదు దీనికి 80 లక్షల రెట్లు.

దొడ్డిదారిన వెళ్లి ప్రాణం నిలిపేది నైట్రోగ్లిజరిన్. డైనమైట్‌లో పేలే పదార్థం ఇదే, గుండెనొప్పిని తగ్గించే మాత్రా ఇదే! మింగితే పేగుల నుంచి రక్తం ముందుగా కాలేయానికి చేరుతుంది, మందును కాలేయం అక్కడే దాదాపు పూర్తిగా విరిచేస్తుంది. నాలుక కింద పెడితే కాలేయం గడప తొక్కకుండానే గుండెకు చేరి, 1 నుంచి 3 నిమిషాల్లో పని మొదలుపెడుతుంది.

వేగంలో మాత్రం ఊపిరితిత్తులను కొట్టేది లేదు. పీల్చిన పొగలోని నికోటిన్ 10 నుంచి 20 సెకన్లలో మెదడును తాకుతుంది. ఆ అలవాటు అంత గట్టిగా పట్టుకోవడానికి ఈ వేగమూ ఒక కారణం. అదే దారిలో మేలూ వెళుతుంది. ఆస్తమా ఇన్‌హేలర్‌ను ఒకసారి నొక్కితే వచ్చే సాల్బ్యుటమాల్ 100 మైక్రోగ్రాములు. అదే మందు మాత్రలో 4 మిల్లీగ్రాములు, అంటే 40 రెట్లు. ఇన్‌హేలర్ అంటే 'పెద్ద డోసు' అని భయపడే తల్లులు ఈ లెక్క ఒక్కసారి చూడాలి.

రసాయన కర్మాగారాల్లో మొదటి బహుమతి కాలేయానిది. బరువు కిలోన్నర. దాని గుండా నిమిషానికి సాగే రక్తం లీటరున్నర, అంటే రోజుకు 2,160 లీటర్లు. మేడ మీది వెయ్యి లీటర్ల ట్యాంకులు రెండు నిండి పొర్లుతాయి! ఇందులో మందులను కోసే ముఖ్యమైన కత్తులు సైటోక్రోమ్ పి450 ఎంజైములు. మనిషి జన్యువుల్లో వీటి నమూనాలు 57. అన్నిట్లో మొనగాడు సైప్ 3ఏ4: వాడుకలో ఉన్న మందుల్లో దాదాపు సగం దీని చేతి మీదుగానే వెళతాయి.

ఆ మొనగాడిని పడగొట్టేది ఒక గ్లాసు పండ్ల రసం! రక్తపోటు మందు ఫెలోడిపిన్‌పై పనిచేస్తున్న కెనడా పరిశోధకుడు డేవిడ్ బెయిలీ బృందం 1989లో దీన్ని బయటపెట్టింది. ఆ మందుతో సారా కలిస్తే ఏమవుతుందో చూసే పరీక్షలో, సారా రుచి తెలియకుండా ఉండాలని గ్రేప్‌ఫ్రూట్ రసం కలిపారు. తీరా చూస్తే రక్తంలో మందు అమాంతం పెరిగింది. ఆ రసం పేగు గోడలోని ఎంజైమును శాశ్వతంగా పాడుచేస్తుంది. కొత్తది తయారయ్యేదాకా, అంటే ఒక రోజు దాటినా, ప్రభావం పోదు. మన పంపర పనస ఆ పండుకు దగ్గరి చుట్టం, దానికీ ఈ గుణం ఉంది.

జన్యువుల్లో అతి పెద్ద బలగం స్వీడన్‌లోని ఒక కుటుంబానిది. సైప్ 2డీ6 జన్యువు మనలో చాలామందికి తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తుంది. 1993లో పరీక్షిస్తే ఆ ఇంట్లోని తండ్రికీ, ఇద్దరు పిల్లలకూ ఆ జన్యువు 12 రెట్లుగా ఉంది! కొన్ని మందులు అలాంటివారికి మామూలు మోతాదులో అసలు పనిచేయవు. కోడీన్‌దేమో తలకిందుల కథ. అది ఒంట్లో మార్ఫీన్‌గా మారాకే నొప్పి తగ్గిస్తుంది కనుక వీరికి చిన్న డోసూ ప్రమాదమే.

అతి చిన్న తేడాతో అతి పెద్ద ఆలస్యం... ఈ రికార్డు మన ఇంటి ముంగిట్లోనే ఉంది. ఆపరేషన్‌కు ముందు గొంతులో గొట్టం వేయడానికి కండరాలను సడలించే ఇంజెక్షన్ సక్సినైల్‌కోలిన్. రక్తంలోని బ్యూటిరిల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైము దాన్ని 5 నుంచి 10 నిమిషాల్లో తుడిచేస్తుంది. 574 అమైనో ఆమ్లాలను పూసల్లా గుచ్చిన గొలుసు ఆ ఎంజైము. 307వ పూస ల్యూసిన్‌కు బదులు ప్రోలిన్ అయితే చాలు, ఎంజైము పని చేయదు. నిమిషాల్లో పోవలసిన మందు గంటల తరబడి నిలుస్తుంది. అంతసేపూ వెంటిలేటరే ఊపిరి పోయాలి. ప్రపంచంలో మిగతాచోట్ల బహు అరుదైన ఈ లోపం వైశ్యుల్లో నూటికి నలుగురి దాకా ఉన్నట్టు 2006లో కోయంబత్తూరులో జరిగిన పరిశోధన చూపింది. తరతరాలుగా సొంత కులంలోనే పెళ్లిళ్లు చేసుకోవడం దీనికి కారణం. రోజువారీ జీవితంలో దీనివల్ల ఏ ఇబ్బందీ లేదు, ఈ ఒక్క రకం మందులతోనే పేచీ. ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టరు కులం అడిగితే నొచ్చుకోవద్దు. తెలిస్తే వేరే మందు వాడతారు, అంతే!

కాపలాలో అందరికన్నా కఠినం మెదడు గడప. పార్కిన్సన్స్ రోగికి కావలసింది డోపమిన్, కానీ దాన్ని మెదడు రానివ్వదు. దాని ముడిసరుకైన లెవోడోపాను రానిస్తుంది. ఒళ్లంతా దురదపెట్టే మన దూలగొండి గింజల్లో ఉండేది ఇదే. ఆ గింజల నుంచి దామోదరన్, రామస్వామి దాన్ని 1937లోనే వేరుచేశారు. కాపలాదారు లేకపోతే ఏమవుతుందో ఆమ్‌స్టర్‌డామ్ ఎలుకలు చూపాయి. పి-గ్లైకోప్రోటీన్ అనే గెంటివేత పంపు లేకుండా పెంచిన ఎలుకల మీద పురుగులు పోవడానికి ఐవర్‌మెక్టిన్ చల్లితే అవి వరసగా చనిపోయాయి. 1994లో తేలిన లెక్క: ఆ మందుకు వాటి సున్నితత్వం మామూలు ఎలుకలకు 100 రెట్లు.

దాక్కోవడంలో జగజ్జెట్టి మలేరియా మందు క్లోరోక్విన్. మింగిన మోతాదును రక్తద్రవంలో కనబడే గాఢతతో భాగించి చూస్తే, కిలో బరువుకు 200 లీటర్ల లెక్కన, 60 కిలోల మనిషిలో 12 వేల లీటర్ల ద్రవం ఉన్నట్టు తేలుతుంది! హైదరాబాద్ వీధుల్లో తిరిగే 5 వేల లీటర్ల ట్యాంకర్లు రెండు నిండాక ఇంకా 2 వేల లీటర్లు మిగులుతాయి. నిజానికి ఒంట్లో ఉన్న నీరంతా కలిపినా 40 లీటర్లు దాటదు. మరి మందేదీ? రక్తం వదిలి కాలేయంలో, కంటి లోపలి నల్లరంగులో దూరి కూర్చుంది. దీని తమ్ముడు హైడ్రాక్సీక్లోరోక్విన్‌ను ఏళ్ల తరబడి వాడే కీళ్లవాతం రోగులకు కంటి పరీక్ష చేయించేది అందుకే. క్లోరోక్విన్‌కు పూర్తి వ్యతిరేకం రక్తం గడ్డకట్టకుండా చూసే వార్ఫరిన్: 8 లీటర్ల చిల్లర, సగం బిందె. వందలో 99 అణువులు రక్తంలోని ఆల్బుమిన్ అనే ప్రోటీన్ బస్సెక్కి కూర్చుంటాయి. పనిచేసేది దిగి నడిచే ఆ ఒక్కటే.

వడపోతలో కిడ్నీలకు సాటి లేదు. రోజుకు 180 లీటర్లు, అంటే 20 లీటర్ల నీళ్ల క్యాన్లు తొమ్మిది! బయటికి వదిలేది లీటరున్నర. మెట్‌ఫార్మిన్‌ను కాలేయం తాకనే తాకదు, వచ్చిన రూపంలోనే ఇక్కడి నుంచి వెళ్లిపోతుంది. పెన్సిలిన్‌కు మరీ తొందర: రక్తంలో ఉన్నది అరగంటకు సగమైపోతుంది. 1941 ఫిబ్రవరి 12న ఆక్స్‌ఫర్డ్‌లో పోలీసు ఆల్బర్ట్ అలెగ్జాండర్‌కు తొలిసారి ఎక్కించినప్పుడు, ఉన్న కాస్త మందు చాలక ఆయన మూత్రం నుంచే తీసి మళ్లీ ఎక్కించారు. కోలుకుంటున్నాడు అనగా మందు అయిపోయింది. మార్చి 15న ఆయన కన్నుమూశాడు. అదే పెన్సిలిన్‌ను ఇప్పుడు నెమ్మదిగా కరిగే రూపంలో కండకు గుచ్చితే మూడు వారాలు కాపలా కాస్తుంది. కీళ్లవాత జ్వరంతో గుండె కవాటాలు దెబ్బతిన్న పిల్లలకు 21 రోజులకోసారి వేసేది ఈ ఇంజెక్షనే.

వారానికి ఒక్కసారే వేసుకోవాల్సిన మాత్రల్లో అతి జాగ్రత్త కోరేది మెథోట్రెక్సేట్. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల 1940ల్లో అందించిన వరమిది. రక్తంలోంచి గంటల్లోనే పోతుంది కానీ, కణాల్లోకి దూరినది వారాలుంటుంది. కీళ్లవాతానికి వారానికోసారి రాసిన మాత్రను పొరపాటున రోజూ వేసుకుంటే ఎముక మజ్జ దెబ్బతిని ప్రాణం మీదికొస్తుంది. చీటీలో వారం పేరు రాయించుకోండి.

ఇక ఆయుష్షు పందెం. గుండె దడను ఆపే అడినోసిన్ రక్తంలో సగమవడానికి 10 సెకన్లు కూడా పట్టదు. అందుకే సూది గుచ్చీ గుచ్చగానే వెనకాలే సెలైన్ తోసి తరుముతారు. అదే గుండెకు వాడే అమియోడరోన్‌కు సగటున 58 రోజులు, అంటే 5 లక్షల రెట్లు. మొండి క్షయకు ఇచ్చే బెడాక్విలిన్‌కు అయిదున్నర నెలలు, 14 లక్షల రెట్లు!

వీటన్నిటినీ తలదన్నేది అలెండ్రోనేట్. ఎముకలు గుల్లబారినవారు వారానికోసారి, పరగడుపున, వట్టి నీళ్లతో మింగి, అరగంట సేపు నడుము వాల్చకుండా ఉండే 70 మిల్లీగ్రాముల మాత్ర ఇది. పేగు లోపలికి రానిచ్చేది వెయ్యింట ఆరు వంతులే, అంటే 0.42 మిల్లీగ్రాము. అందులోనూ సుమారు సగం మూత్రంలో పోతుంది. మిగిలిన ఆ రవ్వంత మాత్రం ఎముకలో పాతుకుపోయి, సగం తరగడానికే పదేళ్లు దాటుతుంది. అరవయ్యో ఏట మింగిన మాత్రలో కొంత డెబ్బయ్యో పుట్టినరోజు నాడు కూడా ఎముకలోనే ఉంటుంది.