రోడ్డు కొలతకు ఒదిగే పడవ

సాల్మన్ చేపల కాలం వచ్చిందంటే సియాటిల్ పక్కనున్న ప్యూజెట్ సౌండ్ తీరంలో తెల్లవారకముందే పికప్ బండ్లు బారులు తీరతాయి. ప్రతి బండి వెనకా ఒక ట్రైలర్, దాని మీద ఇరవై ఇరవై రెండడుగుల పడవ. ర్యాంపు మీదుగా నీళ్లలోకి జార్చి, చేపలు పట్టుకుని, పొద్దువాలాక మళ్లీ ఎక్కించుకుని ఇంటికి పోతారు. రేవులో నెలనెలా అద్దె కట్టే పని లేదు. వచ్చే వారం మరో తీరం చూడాలనిపిస్తే పడవ కూడా బండి వెంటే వస్తుంది.

ఇలాంటి పడవ వెడల్పుకు హద్దు గీసేది సముద్రం కన్నా ముందు రోడ్డే. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ప్రత్యేక అనుమతి లేకుండా లాగగలిగేది ఎనిమిదిన్నర అడుగుల వెడల్పు వరకే. ఆ అరడుగును తక్కువగా చూడకూడదు. పడవ ఒక పక్కకు ఒరిగినప్పుడు దాన్ని మళ్లీ నిలబెట్టే బలంలో ఆకారం వల్ల వచ్చే వాటా వెడల్పు ఘనాన్ని బట్టి పెరుగుతుంది. పొడవు మార్చకుండా ఎనిమిది అడుగులను ఎనిమిదిన్నర చేస్తే ఆ వాటా దాదాపు 20 శాతం హెచ్చుతుంది.

హద్దు అలా ఉండగా, కొనేవాళ్ల చూపు మెత్తటి సీట్ల మీదా మెరిసే స్క్రీన్ల మీదా పడుతుంది. నిజానికి వంగి చూడాల్సింది పడవ అడుగును. అది ‘వి’ అక్షరంలా ఎంత కోసుగా ఉందన్నదే సగం కథ.

అమెరికన్ రూపశిల్పి రే హంట్ ఈ సంగతిని పందెంలో రుజువు చేశాడు. అప్పట్లో వేగంగా పోయే పడవల అడుగు వెనక్కి వెళ్లేకొద్దీ చదునయ్యేది. హంట్ మాత్రం సుమారు 24 డిగ్రీల వాలును చివరిదాకా ఉంచాడు. 1960లో మయామీ నుంచి నసావు నగరానికి జరిగిన పందెంలో సముద్రం అల్లకల్లోలంగా ఉంది. అయినా ఆయన రూపొందించిన ‘మాపీ’ అనే 30 అడుగుల పడవ దాదాపు ఎనిమిది గంటల్లో గమ్యం చేరి గెలిచింది. నీటిని అరచేత్తో చరచడానికీ, అదే చేతిని నిలువుగా దించడానికీ ఉన్న తేడాయే ఇక్కడా పనిచేస్తుంది. కోసు అడుగు నీటిని క్రమంగా పక్కలకు తోస్తుంది కాబట్టి అల మీద పడ్డప్పుడు నడుం విరిగేంత దెబ్బ తగలదు.

దీనికి మూల్యం లేకపోలేదు. కోసు అడుగు నీళ్లలోకి మరింత దిగుతుంది, పైకి లేవడానికి ఎక్కువ ఇంజిన్ బలం అడుగుతుంది. ఆగి గాలం వేసేవేళ ఇద్దరు ఒకే పక్కకు వస్తే ఒరిగిపోతుంది.

వాషింగ్టన్ రాష్ట్రంలో పుట్టిన సీ-డోరీ 22 సరిగ్గా ఎదురు దారి పట్టింది. దాని అడుగు వెనక భాగంలో దాదాపు చదును. ఖాళీ పడవ టన్నుకు అటూ ఇటూ తూగుతుంది, చిన్న ఇంజిన్ సరిపోతుంది, నిలిపితే కదలకుండా కూర్చుంటుంది. ఎదురు అలలు లేచాయంటే మాత్రం వేగం తగ్గించుకోక తప్పదు. దీవుల చాటున గాలాలు వేసేవారికి ఇదే మేలు. కొలంబియా నది ముఖద్వారం దాటి పసిఫిక్‌లోకి పోయేవారికి కోసు అడుగే కావాలి. అక్కడ పోటు తీసి బయటికి పరుగెత్తే నీళ్లు సముద్రపు అలలకు ఎదురెళ్లి వాటిని నిటారుగా లేపుతాయి. రెండూ సమంగా చేస్తానని చెప్పే పడవను కాస్త అనుమానించాల్సిందే.

ఇక బరువు. నీటిని ఆనిన పొడవు ఇరవై అడుగులుంటే పడవ ఆరు నాట్ల వరకు హాయిగా పోతుంది. అంతకు మించాలంటే తాను లేపిన అలనే తాను ఎక్కాలి, అందుకు ప్రతి కిలో అడ్డే. కరపత్రంలో అచ్చేసిన బరువులో తరచుగా ఇంజిన్ ఉండదు, పెట్రోలు ఉండదు. 200 లీటర్ల పెట్రోలే సుమారు 150 కిలోలు. దానికి ఐసుపెట్టె, లంగరు, చివరికి ట్రైలర్ సొంత బరువు కలపాలి. ఆ మొత్తంలో ఐదు నుంచి పది శాతం దాకా బండి కొక్కెం మీద పడాలి. బరువంతా వెనక్కి జరిగితే వేగం పెరిగేసరికి ట్రైలర్ తోకలా ఊగిపోతుంది.

చట్టంలో ఒక విచిత్రం ఉంది. 20 అడుగుల లోపు మామూలు ఔట్‌బోర్డు పడవలు నీళ్లతో నిండినా సమంగా తేలి ఉండాలని అమెరికా నిబంధన. 22 అడుగుల పడవకు ఆ షరతు లేదు! కాబట్టి గోడల మధ్య నురుగు నింపారో లేదో కొనేవారే అడిగి తెలుసుకోవాలి. ఆ నురుగు మహిమను బోస్టన్ వేలర్ కంపెనీ 1961లో లైఫ్ పత్రిక ఫొటోల ద్వారా లోకానికి చూపింది. యజమాని డిక్ ఫిషర్ కూర్చుని ఉండగానే 13 అడుగుల పడవను రెండుగా కోశారు. ఆయన ఇంజిన్ ఉన్న సగంలో నడుపుకుంటూ వెళ్లిపోయాడు.

పాత పడవ బేరం కుదిరేముందు ట్రైలర్ చక్రాలనూ చూడాలి. దూరం ప్రయాణించి వేడెక్కిన చక్రాల హబ్‌లను చల్లటి నీళ్లలో ముంచగానే లోపలి గాలి కుంచించుకుపోయి, సీలు సందుల్లోంచి ఉప్పునీటిని లాక్కుంటుంది. బేరింగులు తుప్పు పడతాయి. అనుభవజ్ఞులు ర్యాంపు దగ్గర కాసేపు ఆగి, హబ్‌లు చల్లారాకే పడవను దించుతారు. కొనేవాళ్లు చక్రాన్ని జాకీ మీద లేపి చేత్తో తిప్పితే చాలు, గరగర శబ్దం వినబడితే ధర తగ్గించమనవచ్చు.