సొరంగంలో మాట ఎందుకు వినపడదు?

మా బోరబండ నుంచి అమీర్‌పేట దాకా ఏ కాంప్లెక్స్ సెల్లార్‌లోకి బండి దింపినా ఫోన్‌లో సిగ్నల్ గీతలు ఒక్కొక్కటే పోతాయి. "హలో.. ఆగు, పైకొచ్చి చేస్తా" అంటాం. మనకంటే పైకి రావడానికి ర్యాంప్ ఉంది. పద్నాలుగు కిలోమీటర్ల లోపల పనిచేసేవాడి సంగతేమిటి?

2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట దగ్గర ఎస్సెల్బీసీ సొరంగం కప్పు కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకుపోయారు. అంత దూరం లోపలికి వెళ్లిన సహాయక సిబ్బంది బురద గుట్ట ఇవతల నిలబడి వాళ్లను పేర్లు పెట్టి పిలిచారు. జవాబు రాలేదు. వారాల తరబడి వెతికితే దొరికింది ఇద్దరి మృతదేహాలే. చంద్రుడి మీదికి నౌకను పంపిన దేశంలో, లోపలివాళ్లను నోటితోనే పిలవాల్సి వచ్చింది!

సెల్‌ఫోన్ తరంగాలు గాలిలో కిలోమీటర్లు పోతాయి గానీ రాతిలో, అందులోనూ తడిసిన రాతిలో, కొన్ని మీటర్లకే ఇంకిపోతాయి. తిన్నటి సొరంగంలో వాకీటాకీ కొంతదూరం పలుకుతుంది. మలుపో పెద్ద యంత్రమో అడ్డొస్తే అంతే.

అందుకే గనుల్లో, సొరంగాల్లో 'లీకీ ఫీడర్' అనే కేబుల్ వేస్తారు. చూడ్డానికి కేబుల్ టీవీ వైరులాగే ఉంటుంది. తేడా ఏమిటంటే, దాని పైతొడుగుకు కావాలనే సందులు వదులుతారు. చేలో డ్రిప్ పైపు నీళ్లు కార్చినట్టు ఇది దారి పొడవునా సిగ్నల్ కారుస్తుంది. పక్కన నడిచేవాడి వాకీటాకీ దాన్ని అందుకుంటుంది, అతని మాట మళ్లీ ఆ కేబుల్లోకే చేరుతుంది. పేరుకు వైర్‌లెస్సే, కానీ భూమి లోపల దానికి వైరే దిక్కు. కప్పు కూలితే ముందు తెగేదీ ఆ వైరే.

మన సింగరేణి బొగ్గు బాయిల్లో ఇంకో చిక్కుంది. బొగ్గు నుంచి మీథేన్ వస్తుంది కాబట్టి చిన్న నిప్పురవ్వ కూడా పుట్టించని పరికరమే లోపలికి దిగాలి. జేబులో ఫోన్ పెట్టుకుని దిగితే కుదరదు.

అమెరికాలో 2006 జనవరి 2న సాగో గనిలో పేలుడు జరిగింది. చిక్కుకున్నవాళ్లు కప్పులో బిగించిన బోల్టుల్ని సుత్తితో వంతులవారీగా బాదారు. పైనుంచి బదులు రాలేదు. పన్నెండు మంది పోయారు. అదే ఏడాది అక్కడ చట్టం తెచ్చి, భూగర్భ గనుల్లో రెండువైపులా మాట్లాడే వైర్‌లెస్ ఏర్పాటుకు మూడేళ్ల గడువు పెట్టారు. రాతిని దాటే అతి తక్కువ ఫ్రీక్వెన్సీ పరికరాలూ వచ్చాయి. వాటికి పెద్ద పెద్ద తీగచుట్టలు కావాలి, మాట కంటే చిన్న సందేశమే బాగా వెళుతుంది. అయినా "బతికే ఉన్నాం" అనడానికి అది చాలదా?

2023 నవంబరులో ఉత్తరాఖండ్ సిల్‌క్యారా సొరంగంలో 41 మందిని పదిహేడో రోజున ప్రాణాలతో బయటికి తెచ్చారు. వాళ్లకు గాలి, తిండి అందించింది శిథిలాల్లోంచి పోయే గొట్టాలే. ఇంటివాళ్ల గొంతు వినిపించిందీ ఆ గొట్టాల్లోంచే.

ఎస్సెల్బీసీలో మిగిలిన సొరంగాన్ని ఏ పద్ధతిలో తవ్వాలన్న చర్చ చాలానే జరిగింది. రెండు గోడల వెంట రెండు వేర్వేరు లైన్లు వేస్తారా, పని జరిగే చివరిదాకా గట్టి ఇనుప గొట్టం ఒకటి వెంట తీసుకెళతారా అని కూడా అడగాలి. ఆ ఖర్చు టెండరులోనే రాయాలి.