ఫోటో కాగితం, నీళ్ల లెక్క

మా అత్తగారి ఫోటో గోధుమరంగుకు తిరిగింది. ఎండకు కాదమ్మా, సరిగా కడగక కాగితంలో మిగిలిపోయిన హైపో వల్ల! కర్నూలు వేసవిలో నీళ్ల ఇబ్బంది మనకు తెలిసిందేగా. ఇంట్లో ప్రింట్లు వేసుకునేవారు కాగితం కొనేటప్పుడే ఆ లెక్క చూసుకోవాలి. ఊటీ కంపెనీవారి ‘ఇందు’ కాగితం ఇప్పుడు రాదు. ఏ కంపెనీదైనా రెండు రకాలే. ఫైబరు కాగితం మందులన్నీ పీల్చేస్తుంది, పారే నీటిలో గంటసేపు కడగాలి. ప్లాస్టిక్ పూత ఉన్నదానికి నాలుగు నిమిషాలు చాలు. తరతరాలు దాచుకునే పెళ్లి ఫోటోకు మాత్రం నేను ఫైబరే అంటాను.

నెగెటివ్ చప్పగా ఉంటే హార్డు గ్రేడు, నలుపు తెలుపులు మరీ కొట్టొచ్చినట్టుంటే సాఫ్టు తీసుకోండి. డెవలపరు 20 డిగ్రీలుండాలి; ఎండాకాలం ఆ ట్రేను ఐసునీళ్ల పళ్లెంలో ఉంచండి.

కడగడం చాలిందా? పర్మాంగనేటు కలిపిన గులాబీనీళ్లు మంచినీళ్లలో కొద్దిగా, ప్రింటు నుంచి కారిన నీళ్లలో అంతే వేయండి. రెండోదాంట్లో రంగు ముందుగా వెలిసిపోతే హైపో ఉన్నట్టే. మళ్లీ కడగండి.