పాత పారిశ్రామిక భూములలో గృహ నిర్మాణం – ముందుగా మట్టి పరీక్ష ఆవశ్యకత

అనంతగిరి కొండలలో జన్మించిన మూసీ నది సుమారు 240 కిలోమీటర్లు ప్రవహించి నల్లగొండ జిల్లా దామరచర్ల మండలంలోని వాడపల్లి వద్ద కృష్ణానదిలో సంగమిస్తున్నది. అగస్త్యేశ్వరాలయం, లక్ష్మీనరసింహాలయం గల ఈ క్షేత్రానికి భక్తులు సంగమ స్నానానికి వస్తుంటారు. ఎగువన హైదరాబాదులో నేలపై పారబోసిన వ్యర్థాల నుండి వర్షానికి కొట్టుకువచ్చేది ఈ నదీమార్గముననే దిగువకు చేరుతుంది. కనుక నగరంలోని పాత పారిశ్రామిక భూముల విషయం నగరవాసులకు మాత్రమే సంబంధించినది కాదు.

బాహ్యవలయ రహదారి లోపల గల పారిశ్రామిక వాడల భూములను నివాస, వాణిజ్య అవసరాలకు మార్చుకొనుటకు వీలు కల్పిస్తూ రాష్ట్ర ప్రభుత్వం 2025 నవంబరులో ఒక విధానాన్ని ప్రకటించినది. ఆ విధానం వర్తించే వాడలలో మూసీ పరీవాహక ప్రాంతంలోని కాటేదాన్ ఒకటి. బ్యాటరీ, లోహపు పూత, రంగుల అద్దకం, నూనె తయారీ వంటి చిన్నతరహా పరిశ్రమలు దశాబ్దాలుగా ఇచ్చట నడిచినవి. వాటి చుట్టూ కూలీల బస్తీలు ఏర్పడినవి. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ నార్వే శాస్త్రజ్ఞులతో కలసి జరిపి 2008లో ప్రచురించిన అధ్యయనంలో ఈ వాడ మట్టిలో సీసం, క్రోమియం, నికెల్, జింకు, ఆర్సెనిక్ అధిక పరిమాణంలో ఉన్నట్లు వెల్లడైనది. కాటేదాన్‌లోని నూర్ మహమ్మద్ కుంటను, కడప చెత్త దిబ్బను ప్రపంచబ్యాంకు 2010లో ఆమోదించిన పారిశ్రామిక కాలుష్య నిర్వహణ ప్రాజెక్టులో ప్రయోగాత్మక స్థలాలుగా ఎంపిక చేశారు.

కలుషిత స్థల మదింపు ప్రయోగశాలలో కాక తహసీల్దారు కార్యాలయంలో ఆరంభమవుతుంది. పహాణీలు, ఫ్యాక్టరీ లైసెన్సులు, పాత పటములు పరిశీలించి ఏ సర్వే నంబరులో ఏ పని జరిగినదో నిర్ధారించవలెను. వ్యర్థాలను ఏ మూలన పూడ్చినదీ కాగితాలలో సాధారణంగా ఉండదు. అది పాత కార్మికులకు, బస్తీలోని వృద్ధులకు తెలిసి ఉంటుంది. వారిని విచారించకుండా తయారుచేసిన నివేదికను అసంపూర్ణమైనదిగానే భావించవలసి ఉన్నది.

తదుపరి నమూనాల సేకరణ. ఎరువుల మోతాదు నిర్ణయించుటకు రైతులు పొలంలో పది చోట్ల మట్టి తీసి, కలిపి, ఒకే నమూనాగా పంపుట అందరికీ తెలిసినదే. ఇచ్చట ఆ పద్ధతి పనికిరాదు. పూతపని తొట్టె ఉన్నచోట గల విషం తక్కిన తొమ్మిది చోట్ల మట్టిలో కలిసి సగటులో కనుమరుగగును. పిల్లలు ఆడుకొనే పైపొర మట్టిని, పునాదులు తవ్వే లోతు మట్టిని, బోరుబావుల నీటిని వేర్వేరుగా పరీక్షించవలెను. క్రోమియం మొత్తం ఎంత అన్న అంకె ఒక్కటే చాలదు. దానిలో అత్యంత విషపూరితమైన ఆరు సంయోజకత గల రూపం ఎంత అన్నది ముఖ్యం. ద్రావకాలు వాడిన చోట నేలలోని ఆవిరి గదులలోకి చేరే అవకాశమున్నందున మట్టి రంధ్రాలలోని గాలిని సైతం పరీక్షించవలసి ఉంటుంది.

ఫలితాలను నేల వినియోగాన్ని బట్టి చదవవలెను. సీసం కాలక్రమంలో నశించే పదార్థం కాదు. కర్మాగారానికి సరిపడునని తేలిన నేల, మట్టిలో ఆడి ఆ చేతులతోనే అన్నం తినే మూడేళ్ల బిడ్డకు సురక్షితమని చెప్పజాలము. అమెరికాలోని నయాగరా ఫాల్స్ పట్టణంలో రసాయన వ్యర్థాలు పూడ్చిన లవ్ కెనాల్ స్థలాన్ని 1953లో ఒక్క డాలరుకు పాఠశాల బోర్డుకు అప్పగించిరి. అక్కడ బడి కట్టి, చుట్టూ ఇళ్లు లేచిన పిమ్మట 1978లో అత్యవసర పరిస్థితి ప్రకటించి కుటుంబాలను తరలించవలసి వచ్చినది.

కేంద్ర ప్రభుత్వం 2025 జూలైలో కలుషిత స్థలాల నిర్వహణ నియమావళిని ప్రకటించినది. దీని ప్రకారం అనుమానిత స్థలాల జాబితాను జిల్లా యంత్రాంగం ఆరు మాసములకొకసారి నివేదించవలెను. ప్రాథమిక మదింపునకు 90 రోజులు, సమగ్ర పరిశీలనకు మరి 90 రోజులు గడువు. కాలుష్య కారకులే శుద్ధి వ్యయం భరించవలెను. అయితే శుద్ధి పూర్తి చేయుటకు నిర్దిష్ట గడువు ఇందులో లేదు. గనుల వ్యర్థాలు, పురపాలక చెత్త దిబ్బలు సాధారణంగా ఇతర చట్టాల పరిధిలోనివి.

ప్రతి స్థలంలోనూ మట్టి మొత్తం తవ్వి దుండిగల్‌లోని ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి తరలించనవసరం లేదు. కొన్నిచోట్ల శుభ్రమైన మట్టి మందంగా కప్పుట చాలును. కానీ ఆ నేలలో బోరు వేయరాదన్న షరతు భూమి దస్తావేజులో నమోదు కానిచో పదేళ్ల తరువాత కొన్నవారికి ఆ సంగతి తెలియదు.

పట్టా లేని అద్దె కుటుంబాల సంగతి పాత్రికేయ మిత్రులు ప్రత్యేకంగా గమనించవలెను. 'కలుషిత స్థలం' అన్న ముద్ర వారిని ఖాళీ చేయించే సాకు కారాదు, అట్లని వాస్తవాన్ని వారి నుండి దాచనూరాదు. ఫలితాలను తెలుగు, ఉర్దూ, హిందీ భాషలలో బస్తీలోనే చదివి వినిపించి, లేఅవుటు అనుమతికి ముందే వారి అభ్యంతరాలను నమోదు చేయుట అధికారులకు సాధ్యమైన పనియే.