కలాయి పెట్టిస్తే మరో తరానికి

ఏళ్లతరబడి నిలిచే వస్తువును ఎంచుకునేవారు దాని మందాన్ని, బరువును మాత్రమే కాక, పాడైనప్పుడు దాన్ని బాగుచేయించుకునే వీలుందో లేదో కూడా చూడవలసి ఉంటుంది. ఆదిలాబాద్ ప్రాంతంలో ఇందుకు చక్కని ఉదాహరణ ఇత్తడి. రాగి, జింకు కలిసిన ఈ మిశ్రమలోహానికి ఇనుముకు పట్టినట్లు తుప్పు పట్టదు; అయితే పులుపు తగిలితే లోహం ఆహారంలోకి దిగుతుంది కనుక, వంటపాత్రల లోపల కలాయి, అంటే తగరపు పూత, వేయిస్తారు. తగరం 232 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరుగుతుంది కాబట్టి ఖాళీ పాత్రను మంటమీద ఉంచితే పూత చెడుతుంది, కానీ మళ్లీ కలాయి పెట్టిస్తే అదే పాత్ర మరో తరానికి అందుతుంది.

ఈ ప్రాంతపు ఓజా కళాకారులు మైనంతో నమూనా చేసి, దానిపై మట్టి పూసి కాల్చి, మైనం కరిగిపోయిన ఖాళీలో కరిగించిన ఇత్తడిని పోస్తారు. ఇలా రూపొందే ఆదిలాబాద్ డోక్రాకు 2018లో భౌగోళిక గుర్తింపు, అంటే ఆ పేరును ఆ ప్రాంతపు వస్తువులకే పరిమితం చేసే చట్టబద్ధమైన రక్షణ, లభించింది. ఒక్కో వస్తువుకు ఒక్కో అచ్చును పగలగొట్టవలసిన ఈ శ్రమకు తగిన ధర చెల్లించడం న్యాయం.

ఇక స్టీలు పాత్రల విషయంలో అయస్కాంతం అంటకపోతే మేలురకమన్న నమ్మకం సరికాదు; నికెల్ తక్కువగా ఉండే 200 శ్రేణి స్టీలుకు కూడా సాధారణంగా అయస్కాంతం అంటదు, కనుక సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉండే 304 రకమేనా అని దుకాణదారును అడిగి, బిల్లుపై రాయించుకోవడం మంచిది.